వాలులో ఆగిన బండి

నర్సింగం మిస్త్రీకి చెవులు పనిచేయవని సూరత్ లింబాయత్‌లో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. నలభై మూడేళ్లు సాంచాల, అంటే మరమగ్గాల మధ్య బతికినవాడికి చెవులు మిగిలితేనే వింత. ఒక్కో కార్ఖానాలో వందకు పైగా సాంచాలు ఒకేసారి దడదడలాడుతుంటే, పక్కవాడు ఏమంటున్నాడో తెలియాలంటే వాడి పెదాలు చూడాలి. ఆ విద్య నర్సింగం పదిహేడో ఏటనే నేర్చుకున్నాడు. కరీంనగర్ జిల్లా నుంచి మేనమామ వెంట సూరత్‌లో రైలు దిగిన ఏడాది అది.

మనుషుల మాట వినపడకపోయినా యంత్రం మాట మాత్రం ఆయనకు బాగా వినపడేది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను సాంచాకు ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఏ బేరింగు అరిగిందో, ఏ చక్రం పన్ను విరిగిందో ఆ ఎముకలోంచే తెలిసిపోయేది. ఆ చుట్టుపక్కల పది కార్ఖానాల సేట్లు ఆయన కోసం మనిషిని పంపేవారు. తర్వాత కొత్త రకం మెషీన్లు వచ్చాయి, వాటిని ల్యాప్‌టాప్ పెట్టి బాగుచేసే పిల్లలు వచ్చారు. అరవై నిండగానే నర్సింగం ఇంటిపట్టున కూర్చున్నాడు.

ఇంటిపట్టున కూర్చున్న మగవాడు పత్తాలాడతాడు, లేదంటే హోటల్ ముందు బెంచీ మీద కూర్చుని లోకాన్ని తిడతాడు. నర్సింగం ఈ రెండూ చేయకుండా బొమ్మ మెట్రో రైలు కట్టడం మొదలుపెట్టాడు. ఉన్నవే రెండు గదులు. అందులో పెద్దగది మూడు గోడల పొడవునా ప్లైవుడ్ బల్లలు బిగించి, వాటి మీద, వాటి కింద పట్టాలు పరిచాడు. గల్లీవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఎదురింటి సోమలింగమైతే, "మిస్త్రీకి మల్ల చిన్నతనం మోపైంది, రేపు పాలసీసా గూడ అడుగుతడు" అని నలుగురిలో నవ్వాడు. ఆ రైలు ఎందుకు కడుతున్నాడో తెలిసి ఉంటే సోమలింగం కూడా నవ్వేవాడు కాదు.

ఆయన భార్య భాగీరథికి యాభై ఆరేళ్లు. రెండేళ్లుగా ఆమెకు మరుపు ముదురుతోంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కూతురు నీరజను ఒక్కోసారి తన చెల్లెలి పేరుతో పిలుస్తుంది. కానీ రైల్వేస్టేషన్ అవతల, తాము మొదట్లో కాపురమున్న పాత కార్ఖానా గల్లీకి దారి మాత్రం ఆమె పాదాలు మర్చిపోలేదు. చిన్న స్టీలు గిన్నెలో పాలు పోసుకుని, పైన మూత పెట్టుకుని, చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది. ఆ గల్లీ చివర ఒక పాత ఇటుక గోడ ఉండేది. ఇప్పుడక్కడ మెట్రో సొరంగం పనులకని నీలం రేకులు అడ్డం పెట్టారు. రేకుల వెనక గోడ ఉందో లేదో ఎవరికీ తెలియదు. భాగీరథి ఆ రేకుల ముందు పాలగిన్నెతో గంటలకు గంటలు నిలబడుతుంది.

ఎండాకాలంలో ఒకసారి దారి తప్పి రింగ్ రోడ్ మీద బట్టల మూటలు మోసే టెంపోల మధ్య తిరుగుతుంటే ఎవరో చేయిపట్టుకుని పక్కకు లాగారు. ఊళ్లోనే ఆల్థాన్‌లో మొగుడితో కలిసి టిఫిన్ సెంటర్ నడిపే నీరజ పిండి చేతులతోనే ఆటో ఎక్కి వచ్చింది.

"బాపూ, ఇంకొక్కసారి అమ్మ గిట్ల పోయిందనుకో, నేను బయటికెళ్లి తాళం బిగిస్తా. తర్వాత నన్ను అనొద్దు. బండి కింద పడితే కోన్ జిమ్మేదార్, చెప్పు?"

"తాళమా? మీ అమ్మకా?"

"మరేం చెయ్యాలె? నువ్వు పండుకుంటవ్, ఆమె లేచి పోతది. పిలిస్తే నీకు వినవడది."

కూతురు అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా ముప్పై ఎనిమిదేళ్లు తన వెంట నడిచిన మనిషిని గదిలో పెట్టి తాళం వేయడానికి నర్సింగానికి మనసొప్పలేదు. ఎలాగైనా ఆమె అంతట ఆమె ఆ గల్లీకి పోవడం మానేలా చేయాలి. ఆయనకు ఆ రోజు నుంచి వేరే ధ్యాస లేదు.

మర్నాడు తనే ఆమెను వెంటబెట్టుకుని ఆ రేకుల దగ్గరికి వెళ్లాడు. రేకుల మీద పెద్ద బొమ్మ వేసి ఉంది. పైన ఇళ్లు, దుకాణాలు, కింద సొరంగంలో రైలు. భాగీరథి ఆ బొమ్మను వేలితో తడిమి చూసింది.

"రైలు పిల్ల మీదికెళ్లి పోతది," అంది.

"పోదే. పిల్ల ఉన్నది మీద. రైలు ఎంతో కిందికెళ్లి పోతది. రెండంతస్తుల లోతు."

"కిందికి పోయిన రైలు మీదికి ఎట్ల వస్తది?"

"మెల్లగ ఎక్కుతది. వాలు కట్టి ఎక్కిస్తరు."

"చూపియ్యి," అంది భాగీరథి.

ఆ ఒక్క మాటకే నర్సింగం రైలు కట్టడానికి పూనుకున్నాడు. పిల్లను ముట్టుకోకుండా బండి కిందినుంచి పోయి మళ్లీ వెలుతురులోకి వస్తుందని కళ్లారా చూస్తే, ఆమె మనసు కుదుటపడుతుందనుకున్నాడు.

ఇంతకీ ఆ పిల్ల ఎవరో చెప్పాలి. నీరజ కన్నా ముందు వాళ్లకు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు హారతి. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న మాట పుట్టి, రెండు రోజుల్లో ఊరంతా రైల్వేస్టేషన్ మీద పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎనిమిది నెలల హారతికి వాంతులు, జ్వరం పట్టుకున్నాయి. అది ప్లేగు కాదు. కానీ కాదని ఎవరికి చెప్పి నమ్మించాలి? మూడోరోజు మిట్టమధ్యాహ్నం పిల్ల కన్నుమూసింది. నలుగురికీ తెలిస్తే తల్లిదండ్రులను రైలెక్కనివ్వరని, ఆస్పత్రిలో పెట్టేస్తారని భయం. తమ సొంతూరివాడైన లస్మయ్య, సాంచా మీంచి అప్పుడే కోసిన తెల్లబట్టలో పిల్లను చుట్టుకున్నాడు. "నువ్వు స్టేషన్‌కు పోయి జాగ వట్టు, పిల్ల సంగతి నేను జూస్త" అన్నాడు. నర్సింగం సరేనన్నాడు. కన్నబిడ్డను మట్టిలో పెట్టాల్సిన చేతులతో రైలుపెట్టె కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ సాయంత్రమే భార్యాభర్తలు ఊరు విడిచారు.

రెండు నెలలకు తిరిగొచ్చేసరికి లస్మయ్య భివండీ వెళ్లిపోయాడు. అక్కడే ఏడాదిలోపు పోయాడని కబురొచ్చింది. సూరత్‌లో అడుగుపెట్టిన రోజే భాగీరథి అడిగింది, "పిల్లను ఏడ వెట్టిన్రు? మూడోనాడు పొయ్యాల్సిన పాలు ఇప్పటిదాక వొయ్యలే" అని. నాకు తెలియదు, నేను పోలేదు అనాలి. ఏ తండ్రి అనగలడు ఆ మాట? నర్సింగం చెయ్యెత్తి కార్ఖానా వెనక ఇటుక గోడను చూపించాడు. ఆమె వెళ్లి ఆ గోడ మొదట్లో పాలు పోసింది. ఆ తర్వాత ప్రతి నెలా పోసింది. పెద్ద వరద వచ్చి నడుంలోతు బురద మిగిలినప్పుడు కూడా చీర ఎగ్గట్టుకుని వెళ్లి పోసింది. కార్ఖానా కూల్చేసి బండ్లు నిలిపే జాగా చేశాక కూడా గోడ ఒక్కటి మిగిలింది, ఈమె పాలు ఆగలేదు. ముప్పై ఏళ్లుగా ఆ అబద్ధాన్ని నర్సింగం ఒక్కడే మోశాడు.

రైలు దొరకడం అదృష్టమనే చెప్పాలి. నీరజ టిఫిన్ సెంటర్‌లో రోజూ ఇడ్లీ తినే సుజిత్ అనే విజయవాడ కుర్రాడు ఐటీ ఉద్యోగి, చిన్నప్పటి నుంచి బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్నవాడు. కొత్తగా దిగిన గది ఇరుకని, తన దగ్గరున్న మూడు పెట్టెల బండినీ, పట్టాలనూ, కరెంటు పెంచి తగ్గించే డబ్బానూ నర్సింగానికి ఇచ్చేశాడు. బండి వేలెడు వెడల్పు పట్టాల మీద పోతుంది. మొదటి పెట్టెలోనే మోటారు. కరెంటు పట్టాల్లోంచే చక్రాలకు అందుతుంది.

నర్సింగం మొదటి ప్రయత్నం నవ్వులపాలైంది. బల్ల పైనుంచి కిందికి అయిదు అంగుళాల దిగుడు. దాన్ని నాలుగు అడుగుల్లో ముగించాడు. బండి కిందికి మాత్రం రాయి విసిరినట్టు వెళ్లింది. ఎక్కేటప్పుడు చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి, బండి వెనక్కి జారింది. భాగీరథి పీట మీద కూర్చుని చూస్తూ, "చూసినవా, రాదు," అంది.

ఆయన సుజిత్‌ను పిలిపించాడు.

"అంకుల్, ఇది నూటికి పది వచ్చిందండి," అన్నాడు సుజిత్ టేపు పట్టి. "నూరు అంగుళాలకి నాలుగు అంగుళాలు మించి ఎత్తు పెరగకూడదు. నిజం మెట్రోలో కూడా ఇంచుమించు అంతేనండి. పొడుగు పెంచాలి, వేరే దారి లేదు."

పొడుగు పెంచాలంటే గోడ గోడంతా కావాలి. భాగీరథి పప్పుల డబ్బాల అలమర వంటింట్లోకి జరిగింది, దేవుడి పటాలు తలుపు పైకి ఎక్కాయి. ఒక గోడ పొడుగునా పదడుగుల దిగుడు, రెండో గోడకు చదునైన సొరంగం, మూడో గోడ పొడుగునా పదడుగుల ఎక్కుడు. సాంచాలు సమంగా నిలపడానికి వాడే నీళ్ల గొట్టంతోనే అడుగడుక్కీ ఎత్తు చూసుకున్నాడు. వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట బండి ముక్కు పట్టాలకు తగిలి పెట్టెల కొక్కేలు ఊడుతుంటే, పలచటి ప్లైవుడ్ పట్టీని రెండు కొసల్లో బిగించి మధ్యలో వదిలేశాడు. అది తనంతట తనే మెత్తగా వంగింది. మోటారు పెట్టె వెనక చక్రాలకు సన్నటి రబ్బరు తొడిగాడు. పెట్టెలో సీసం ముక్క పెట్టాడు. బరువు ఎక్కువై మోటారు కాలిన వాసన రాగానే సగం కోసి తీసేశాడు. ఎక్కేచోట కరెంటు నీరసించకుండా మూడుచోట్ల కింద నుంచి తీగలు కలిపాడు. పైన బల్ల మీద అట్టలతో పాత గల్లీ కట్టాడు. ఇటుక గోడను మాత్రం పెట్టలేదు. దాన్ని పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు.

రెండు నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం బండి మెల్లగా దిగి, సొరంగం దాటి, మూడో గోడ వాలు ఎక్కడం మొదలుపెట్టింది. సగం వాలు ఎక్కి బండి ఆగిపోయింది.

జారడం కాదు, చక్రాలు తిరగడం కాదు. ఊరికే ఆగింది. బల్ల కింద, చీకట్లో, వాలు మధ్యలో ఎవరో చేత్తో పట్టుకున్నట్టు నిలబడిపోయింది.

అక్కడ పట్టా తుడిచాడు. ఆగింది. ఆ ముక్క తీసి వేరే ముక్క వేశాడు. ఆగింది. వెనక రెండు పెట్టెలూ విప్పి ఉత్త మోటారు పెట్టెను పంపాడు. అదీ అక్కడే ఆగింది. బండిని పైకి తీసుకెళ్లి ఎదురు దిశలో కిందికి వదిలాడు. దిగేటప్పుడైనా పోవాలి కదా, దానంతట అది జారినా సరే. సరిగ్గా అదే చోట ఆగింది. చివరికి కరెంటు గొడవే లేకుండా సాంచా బేరింగులోంచి ఉక్కు గుండు ఒకటి తీసి పట్టాల మధ్య పైనుంచి వదిలాడు. గుండు గడగడా దొర్లుకుంటూ వచ్చి, వాలు మధ్యలో నెమ్మదించి, నిలబడింది. నీళ్ల గొట్టం పెట్టి చూస్తే అక్కడ వాలు వాలుగానే ఉంది.

నాలుగు రోజుల తర్వాత పట్టాల మీద తెల్లటి మరక కనిపించింది. వేలితో గీరి వాసన చూశాడు. పాలు. పైన అట్టల గల్లీ చివర, రెండు పలకలు కలిసేచోట, చిన్న సందు తడిగా ఉంది. భాగీరథి రోజూ ఒక చెంచాడు పాలు అక్కడ పోస్తోంది. అవి సందులోంచి కారి, పట్టాల మీద ఎండి, కరెంటు అందకుండా చేస్తున్నాయి. గుండు కూడా ఆ జిగటకే ఆగిందన్నమాట. నర్సింగానికి ప్రాణం లేచొచ్చింది. ఏదైనా సరే, కారణం దొరికితే మిస్త్రీకి అంతకన్నా ఏం కావాలి?

"ఇక్కడెందుకు పోస్తున్నవే?" అని అడిగాడు.

"గోడకాడ పొయ్యనిస్తలేరు గదా."

"గోడ ఇక్కడని నీకెవరు చెప్పిన్రు? నేను పెట్టనే లేదు."

భాగీరథి ఆయన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "నాకెవరు చెప్పాలె?" అంది.

పట్టాలు కడిగాడు. సందును లప్పంతో పూడ్చాడు. ఆ జాగాలో కొత్త పట్టా ముక్క వేశాడు. బండి ఒకసారి పైదాకా ఎక్కింది. రెండోసారీ ఎక్కింది. భాగీరథిని పిలిచి చూపిద్దామని మూడోసారి వదిలాడు. బండి సగం వాలు ఎక్కి ఆగింది. పట్టాలు అద్దంలా ఉన్నాయి, పాలచుక్క లేదు. బండి తీసి ఉక్కు గుండు వదిలాడు. అదీ వచ్చి బండి ఆగిన చోటే బుద్ధిగా ఆగింది.

ఆ బుధవారం భాగీరథి మళ్లీ వెళ్లింది. రేకుల దగ్గరి వాచ్‌మన్ ఫోన్ నీరజకే పోయింది. రేకుల సందులోంచి లోపలికి దూరబోయిందట, చెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోందట. నీరజ తల్లి చేతికి కట్టు కట్టి, తండ్రి ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు ఆయనకు బాగా కనపడేలా ఒక్కో మాటా విడగొట్టి చెప్పింది.

"ఆదివారం వస్తా. తాళం తెస్తా. నీ బొమ్మలు ఏం జేసినయ్ బాపూ? ఉల్టా అయింది."

మిగిలింది మూడు రోజులు. గురువారం మధ్యాహ్నం, భాగీరథి భోంచేసి గోడకు ఒరిగి కునుకు తీస్తుండగా, నర్సింగం తన పాత స్క్రూడ్రైవర్ తీశాడు. కరెంటు డబ్బా ప్లగ్గు పీకేశాడు. ఫ్యాను ఆపేశాడు. మోకాళ్ల మీద బల్ల కిందికి దూరి, ఆగిన బండి పక్కన పట్టాకు మొన ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకు ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

ముందు ఏమీ లేదు. తర్వాత ఒక చప్పుడు. బేరింగు కాదు, మోటారు కాదు, మోటారులో కరెంటే లేదు. చిన్నగా, తడిగా, ఆగి ఆగి వస్తోంది. మధ్యలో ముక్కుతో ఊపిరి తీసుకుని మళ్లీ మొదలవుతోంది. ఆ చప్పుడేమిటో గుర్తుపట్టడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. ఇద్దరు పిల్లల్ని కన్న ఇంట్లో మగవాడు ఆ చప్పుడు మరిచిపోడు. పసిపిల్ల పాలు తాగుతోంది.

స్క్రూడ్రైవర్‌ను పట్టాల పక్కనే వదిలేశాడు. బల్ల కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి, భార్య పాదాల దగ్గర కూలబడ్డాడు. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

"భాగీరథీ, పిల్ల ఆడ లేదే," అన్నాడు. "ఆ గోడకాడ ఎన్నడూ లేదు. లస్మన్న ఏడ వెట్టిండో నాకు ఎరికలేదు. నేను పోలేదు. స్టేషన్‌ల జాగ పట్టుకుంట నిలవడ్డ. నీకు చెప్పనీకె మొఖం లేక ఊరికె చెయ్యి చూపిన."

ఆయన ఏడ్చాడు. ఆమె లేచి జుట్టు పట్టుకుంటుందనుకున్నాడు, శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. అలా చేసినా బాగుండుననుకున్నాడు. భాగీరథి ఆయన వైపు చూస్తూ, తన పెదాలు ఆయనకు కనపడేలా తల వంచి, నిదానంగా మాట్లాడింది. ఆ కాసేపూ ఆమె మాటలో మరుపు జాడే లేదు.

"నువ్వు ఏడ వెట్టినవో నాకెందుకు? నేను ముప్పై ఏండ్లు పాలు వోసింది ఆ గోడకాడ. పేరు వెట్టి పిలిచింది ఆ గోడకాడ. పసిపిల్ల తల్లి పిలిచినకాడికి రాదా? ఎంత దూరంల ఉన్నా పాక్కుంట రాదా?"

నర్సింగం కళ్లు తుడుచుకుని మళ్లీ ఆమె పెదాల వైపు చూశాడు.

"ఆడికి వచ్చి కూసున్న పిల్లను ఇప్పుడు నేను ఎట్ల ఇడిచిపెట్టాలె? మీదికి తెచ్చేటోళ్లు లేరు. బండి వచ్చి ఆగుతనే ఉన్నది, నువ్వేమో ఆగొద్దని కొట్లాడుతున్నవ్. ఆగిన కాడ పిల్లకు కాలు వెట్టనీకె జాగ ఏది? అంతా జారుడే గదా."

నర్సింగం బల్ల కిందికి చూశాడు. ఆ వాలు మీద పెద్దవాడికే కాలు నిలవదు. ఎప్పుడో సుజిత్ మాటల్లో మాటగా చెప్పింది గుర్తొచ్చింది. వాలులో స్టేషన్ కట్టరండి, బండి నిలవదు, ఎక్కేవాళ్లు పడిపోతారు, స్టేషన్ ఎప్పుడూ చదునుగానే ఉండాలి అని.

శుక్ర, శనివారాలు ఆయన బల్ల కింద నుంచి బయటికి రాలేదు. మూడో గోడ వాలును మధ్యకు కోసేశాడు. బండి ఆగుతున్న చోట రెండున్నర అడుగులు నిక్కచ్చిగా చదును చేశాడు. నీళ్ల గొట్టంలో రెండు కొసలా నీళ్లు ఒకే గీత మీద నిలిచేదాకా వదలలేదు. చదును పక్కన చిన్న చెక్కతో అరుగు కట్టి, దాని అంచులు చేతికి గుచ్చుకోకుండా గాజు కాగితంతో రుద్దాడు. పాకే పిల్లకు కూడా అందాలని అరుగును బాగా కిందికి పెట్టాడు. ఒక చిన్న బల్బు తగిలించాడు. చదునుకు పోయిన పొడుగు పోగా మిగిలిన వాలు రెండు ముక్కలూ మునుపటికన్నా నిటారయ్యాయి. అది తప్పని తెలుసు. పొడుగు పెంచడానికి ఇక గోడ లేదు.

ఆదివారం నీరజ వచ్చింది, వెంట సుజిత్ కూడా వచ్చాడు. నీరజ గుమ్మంలోనే నిలబడింది. ఆమె సంచీ బరువుగా ఉంది, దాన్ని కింద పెట్టలేదు. సుజిత్ మోకాళ్ల మీద కూర్చుని టేపు పట్టి, వేళ్ల మీద లెక్కవేసి, తల అడ్డంగా ఊపాడు.

"అంకుల్, నూటికి అయిదున్నర వచ్చిందండి. పైగా ఆగిన బండి కదిలి ఎక్కాలి. ఊపు మీద వస్తేనే కష్టం. ఇది ఎక్కదండి."

"నువ్వే తోలు బాబు," అన్నాడు నర్సింగం.

సుజిత్ డబ్బా మీద బొత్తాం తిప్పాడు. బండి దిగింది. రెండో గోడ చీకట్లో మెల్లగా పోయింది. మూడో గోడ దగ్గర మొదటి వాలు మూలుగుతూ ఎక్కింది. చదును మీదికి వచ్చి, అరుగు పక్కన, మధ్య పెట్టె తలుపు సరిగ్గా అరుగుకు ఎదురుగా ఆగింది.

సుజిత్ చేతివైపు చూసుకున్నాడు. "నేను ఆపలేదండి. కరెంటు పోతూనే ఉంది, చూడండి, సూది ఇక్కడుంది."

నర్సింగం కుర్రాడి పెదాలు చూశాడు. "ఎరికే. ముట్టుకోకు. ఎక్కనీ."

"ఎవర్నండి?"

భాగీరథి నేల మీద ఒంగి కూర్చుని బల్ల కిందికి చూస్తోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఏమంటోందో నర్సింగానికి తెలిసింది. మెల్లగ, మెల్లగ, నా తల్లి, జర కాలు చూసుకో, అంటోంది. చిన్న బల్బు వెలుతురులో మధ్య పెట్టె కొంచెం కిందికి కుంగింది. సీసం ముక్క మోటారు పెట్టెలో ఉంది, మధ్య పెట్టెలో కాదు. సుజిత్ అది చూశాడు, అతని మొహంలో రంగు పోయింది. నీరజ కూడా చూసింది.

బండి కదిలింది. బరువు పెరిగిన బండి, నూటికి అయిదున్నర వాలు, ఊపు లేదు. అయినా ఒక్క చక్రం జారలేదు, మోటారు గొంతు మారలేదు. బల్ల కింద చీకట్లోంచి వెలుతురులోకి, వెలుతురులోంచి పై బల్ల మీదికి ఎక్కి, చివరి గోడ దగ్గర కిటికీ కింద వచ్చి నిలబడింది. భాగీరథి లేచి వెళ్లి, చీర కొంగు తీసి, కిటికీ గాలి తగలకుండా మధ్య పెట్టెను చుట్టి పట్టుకుంది. రెండేళ్లుగా ఆమె మొహంలో కనపడని నెమ్మది కనిపించింది.

సుజిత్ మళ్లీ బొత్తాం మీద చెయ్యి వేశాడు. "ఇంకోసారి కిందికి పంపి చూద్దామా అంకుల్? ఎలా ఎక్కిందో..."

నర్సింగం వెళ్లి గోడకున్న ప్లగ్గు పీకేశాడు. తీగను చుట్ట చుట్టి డబ్బా మీద పెట్టాడు.

"ఒద్దు బాబు. ఇంటికి వచ్చిన పిల్లను మల్ల కిందికి ఎవలన్న తోలుతరా?"

సుజిత్ టేపు జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు తాళం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎత్తాల్సిన పని పడలేదు. భాగీరథి ఆ గల్లీ వైపు అడుగు పెట్టలేదు. నీరజ మాత్రం చాలాసేపు గుమ్మం దగ్గరే నిలబడింది. తనకన్నా రెండేళ్లు ముందు పుట్టి పోయిన ఆ పిల్ల గురించి ఆమె ఇంట్లో ఎన్నడూ అడగలేదు, అడిగితే తల్లి ఏడుస్తుందని. తర్వాత సంచీని గుమ్మం బయట పెట్టి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చింది.

"జర జరుగమ్మా," అంది. "అక్కను నేను ఒక్కసారి కూడా చూడలే."

భాగీరథి కొంగు వదలకుండానే పక్కకు జరిగి కూతురికి చోటిచ్చింది.